ఆముదపు కాడ, ఒక పిపెట్

తమిళనాడులో మా ఊరు రాజపాళయంలో ఇప్పుడు కాలేజీ ఉంది. ఈమధ్య అక్కడి పిల్లలు తమ కెమిస్ట్రీ ల్యాబు చూసి పొమ్మని నన్ను పిలిచారు. ముసలివాణ్ణి పిలిచి కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పించుకుని పంపేద్దామని వాళ్ళ ఉద్దేశం. నేను మాత్రం కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే గోడ మీద బోర్డు చదివి పెద్దగా నవ్వేశాను. "పిపెట్‌ను నోటితో పీల్చరాదు" అని తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఎర్రటి అక్షరాలతో రాసి ఉంది. కింద బల్ల మీద పిపెట్ల పక్కన రబ్బరు బుడ్లు పెట్టి ఉన్నాయి. బుడ్డి నొక్కి వదిలితే చాలు, ద్రావకం దానంతట అదే పైకి ఎక్కుతుంది.

అక్కడి లెక్చరరు అమ్మాయి కంగారుపడింది. "ఏం లేదమ్మా, ఈ బోర్డు మా కాలంలో ఉండి ఉంటే ఒక అబ్బాయికి చాలా కష్టం తప్పేది" అన్నాను. పిల్లలు చుట్టూ చేరి ఆ సంగతేమిటో చెప్పమన్నారు. కాఫీ చల్లారేలోపు అయ్యే కథ కాదు గనక ఇంటికి వచ్చి తీరిగ్గా రాస్తున్నాను. కొత్తగా కాలేజీలో చేరి కెమిస్ట్రీ అంటే హడలిపోయే పిల్లలు చదివితే సంతోషం. చదవకపోయినా నష్టం లేదు, ముసలివాళ్ళకు రాసుకోవడం ఒక కాలక్షేపం.

ముందు పిపెట్ సంగతి చెప్పాలి. మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే సన్నటి గాజు గొట్టం అది. అడుగు కొనను ద్రావకంలో ముంచి, పై కొనను నోట్లో పెట్టుకుని పీలిస్తే ద్రావకం పైకి వస్తుంది. మెడ మీద ఒక గీత ఉంటుంది. ద్రావకం ఆ గీత దాటగానే నోరు తీసి, చూపుడు వేలితో పై కొన మూసి, వేలు కాస్త సడలిస్తూ గీత దాకా దించాలి. అప్పుడు లోపల ఉన్నది ఖచ్చితమైన కొలత. ఆ కొలతను గాజు కుప్పెలో పోసి, ఆసిడ్ తగిలితే రంగు మారే మిథైల్ ఆరెంజ్ చుక్క వేసి, పైన బిగించిన బ్యూరెట్ నుంచి ఆసిడ్‌ను చుక్క చుక్కగా వదులుతూ, రంగు ఎక్కడ మారుతుందో చూడాలి. ఇంటర్మీడియట్ ప్రాక్టికల్ పరీక్షలో సగం ప్రాణం ఇందులోనే ఉండేది. మొదటి కొలత తప్పితే ఆ తరువాత ఎంత శ్రద్ధగా చేసినా సున్నాయే.

నేను తిరునెల్వేలి వైపు ఒక కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరుగా పనిచేసేవాణ్ణి. డిమాన్‌స్ట్రేటరు అంటే ప్రొఫెసరు నోటితో చెప్పినదాన్ని చేత్తో చేసి చూపించేవాడు. పేలితే మన మొహం, పేలకపోతే ఆయన పేరు. యుద్ధం రోజులవి. విదేశాల నుంచి గాజు సామాను రావడం నిలిచిపోయింది. ఉన్న పిపెట్లను మా స్టోర్ కీపరు పసిపిల్లల్లా గుడ్డల్లో చుట్టి దాచేవాడు. ఒకటి పగిలితే ఆ రోజంతా అతను భోజనం చేసేవాడు కాదు. దాంతో ఒక బల్ల దగ్గర నిలబడే నలుగురు పిల్లలకూ కలిపి ఒకే పిపెట్ దక్కేది. ఒకరి తరువాత ఒకరు అదే కొనను నోట్లో పెట్టుకోవాలి.

ఎంగిలి మాటెత్తితే ఆ కాలంలో ఎంత కథ ఉండేదో ఇప్పటి పిల్లలకు తెలియదు. మంచినీళ్ళయినా సరే చెంబు అంచుకు పెదవి తగలకుండా ఎత్తి పోసుకోవాలి. తగిలిందా, ఆ చెంబు తోమాల్సిందే. మా ల్యాబులోనూ ఆ పట్టింపు లేకపోలేదు. మా సీనియరు డిమాన్‌స్ట్రేటరు సొంత పిపెట్‌ను బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాడు. మా ప్రొఫెసరు గారయితే పీల్చే పని వచ్చినప్పుడల్లా కళ్ళజోడు తుడుచుకుంటూ నా వైపు చూసేవారు. ఆయన ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒక్క పిపెట్ అయినా నోట పెట్టినట్టు చూసినవాళ్ళు లేరు. పిల్లలు మాత్రం ఏం చేస్తారు? కొనను పంచె చెంగుతో గట్టిగా తుడిచి, కళ్ళు మూసుకుని పీల్చి, ఆ సంగతి ఇంట్లో చెప్పకుండా దాచేవారు.

ఒక ఏడాది మా రాజపాళయం చుట్టుపక్కల నుంచి వేరే కాలేజీల్లో ఇంటర్మీడియట్ చదివిన పిల్లల్లో కొందరు మార్చి పరీక్షలో కెమిస్ట్రీ తప్పారు. సెప్టెంబరులో మళ్ళీ రాయాలి, ఆ ప్రాక్టికల్ పరీక్షకు మా కాలేజీయే సెంటరు. నేను వేసవి సెలవులకు ఇంటికి రాగానే వాళ్ళ పెద్దలు వచ్చి పట్టుకున్నారు. మన ఊరివాడివి, మన భాషవాడివి, నువ్వు చెప్పకపోతే ఎవరు చెబుతారు అన్నారు. సెలవుల్లో హాయిగా మామిడిపళ్ళు తింటూ పడుకుందామనుకున్నవాణ్ణి, మొహమాటానికి పోయి ఒప్పుకున్నాను. పత్తి అంతా అమ్ముడుపోయి ఖాళీగా ఉన్న ఒక గోడౌన్ ఇచ్చారు. కాలేజీ స్టోర్ కీపరును బతిమాలి రెండు బ్యూరెట్లు, రెండు పిపెట్లు తెచ్చుకున్నాను. పత్తి నలుసులు ద్రావకాల్లో పడకుండా ప్రతి సీసా మీదా తడిగుడ్డ కప్పేవాళ్ళం.

మొదటి రోజు పిల్లల మొహాలు చూస్తే ఎవరో పోయిన ఇంటికి వచ్చినట్టు ఉన్నారు. పుస్తకం తెరవనివ్వలేదు. ఒక పళ్ళెంలో పసుపు నీళ్ళు కలిపి, చిటికెడు సున్నం వేశాను. నీళ్ళు ఎర్రగా మారాయి.

"ఇది ఎక్కడ చూసినారు?" అని అడిగాను.

"పెండ్లికొడుకు వాకిట్లోకి వస్తే ఆలత్తి ఎత్తుతారు గదా సార్, ఆ నీళ్ళు" అన్నాడు చోళపురం నుంచి వచ్చే పిల్లవాడు. దిష్టి తీసే ఎర్రనీళ్ళ హారతిని మా వైపు ఆలత్తి అంటారు.

అందులో చింతపండు పులుసు పిండాను. ఎరుపు పోయి మళ్ళీ పసుపు వచ్చింది. "ఇంతే కెమిస్ట్రీ. మీ అమ్మలు, అవ్వలు ఎప్పుడూ చేస్తూనే ఉన్నారు. మనం దానికి కొలత కడతాం, అంతే తేడా" అన్నాను. పిల్లల మొహాలు కాస్త తెరిపిన పడ్డాయి. కెమిస్ట్రీ మొదలుపెట్టే పిల్లలకు నేను చెప్పేది ఇప్పటికీ అదే. ఫార్ములాలు బట్టీ పట్టే ముందు కంటికి కనిపించేదాన్ని చూడండి. చూసినదాన్ని మీ మాటల్లో చెప్పండి. ఇంగ్లీషు పేరు తరువాత దానంతట అదే వచ్చి అతుక్కుంటుంది.

ఆ గుంపులో మంసాపురం నుంచి వచ్చే అబ్బాయి ఒకడు ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ. ఎప్పుడూ ఒక ఇత్తడి చెంబు వెంట తెచ్చుకునేవాడు. దాని మెడ మీద వాళ్ళ అవ్వ పేరు చెక్కి ఉండేది. దాహం వేస్తే అందులో నీళ్ళే, వేరే నీళ్ళు ముట్టేవాడు కాదు. తండ్రి చిన్నప్పుడే పోతే అవ్వ పెంచింది. పొలం అంతా చిన్నాన్న చూసుకునేవాడు. సెప్టెంబరులో పాసయితే డాక్టరు చదువుకు పంపుతాను, తప్పితే మారుమాట లేకుండా పొలానికి రావాలి అని ఆ చిన్నాన్న చెప్పేశాడు. మనిషి చెడ్డవాడు కాదు, కానీ రెండోసారి చెప్పే అలవాటు లేనివాడు.

విచిత్రం ఏమిటంటే ఆ అబ్బాయికి అందరికన్నా బాగా వచ్చు. ఏ ప్రశ్న వేసినా ఆలోచించి జవాబు చెప్పేవాడు. లెక్కలు నా కన్నా వేగంగా కట్టేవాడు. కానీ కొలిచే పని చేస్తే మాత్రం ఫలితం చేసినప్పుడల్లా ఒక్కో తీరుగా వచ్చేది. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. మార్చిలో తప్పింది అందులోనే. ఆసిడ్ మంచిదేనా అని చూశాను, బ్యూరెట్ కారుతుందేమోనని చూశాను. ఏ లోపమూ దొరకలేదు.

చివరికి ఒక రోజు ఏదో పనిలో ఉన్నట్టు నటిస్తూ ఓరకంట అతన్ని గమనించాను. అతను పిపెట్ అడుగు కొనను ఎడమచేతి వేలితో మూశాడు. కుడిచేత్తో ద్రావకం ఉన్న గాజు గ్లాసు ఎత్తి, పిపెట్ పై కొనలోకి సన్నటి ధారగా పోశాడు. అచ్చం చెంబు ఎత్తి నోట్లోకి నీళ్ళు పోసుకున్నట్టే. పోత చాలా నేర్పుగా ఉంది, పక్కకు చుక్క పడలేదు. కానీ కింద వేలి సందుల్లోంచి మాత్రం ద్రావకం కారిపోతోంది.

నాకు నవ్వు ఆగలేదు. అతను సిగ్గుతో ఎర్రబడ్డాడు.

"నోట పీల్చేదానికి ఏమప్పా నీకు?"

"పీల్చకూడదు సార్. ఎంగిలి."

"మిగతావాళ్ళు పీలుస్తున్నారే?"

"వాళ్ళు మాట ఇయ్యలేదు సార్. నేను కాలేజీకి పోయే దినం అవ్వ చేతిలో చెయ్యి వేసి ఇచ్చినాను. ఎవరి ఎంగిలీ ముట్టనని."

"అవ్వ ఇక్కడికి వచ్చి చూస్తుందా?"

అతను నా వైపు చూసిన చూపుకు ఆ మాట ఎందుకు అన్నానా అనిపించింది. ఆ మాట తప్పడం అతనికి చేతకాదని అప్పుడే అర్థమైంది. నవ్వడం మానేశాను.

సొంత పిపెట్ ఇద్దామంటే పరీక్షలో కాలేజీ సామానే వాడాలి. రెండో బ్యూరెట్‌తో కొలుద్దామంటే పరీక్షలో మనిషికి ఒకటే ఇస్తారు. సంగతి విని మంసాపురంలో అవ్వ ఊరుకోలేదు. మనుమడికి సాయం చేద్దామని కంచరి దగ్గరికి పోయి, మనుమడు గీసిచ్చిన బొమ్మ చూపించి, ఇత్తడితో పిపెట్ చేయించి పంపింది. ఇత్తడి అయితే ఎంగిలి పడినా చింతపండుతో తోమి నిప్పు చూపిస్తే శుద్ధి అవుతుందని ఆమె లెక్క. పని చాలా ముచ్చటగా ఉంది. మెడ మీద గీత కూడా చెక్కించింది. కానీ ఇత్తడిలోంచి లోపలి ద్రావకం గీత దాకా వచ్చిందో లేదో కనిపించేది ఎట్లా? ఆ పిపెట్‌ను చేతిలో పట్టుకుని నేనూ ఆ అబ్బాయీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇప్పటికీ అది మా ఇంట్లో ఉంది. మా ఆవిడ దానితో దీపంలో నూనె పోస్తుంది.

ఇక అవ్వతోనే మాట్లాడాలని మంసాపురం వెళ్ళాను. అవ్వ వసారాలో కూర్చుని పత్తిగింజలు చేటలో చెరుగుతోంది. బక్కపలచటి మనిషి, కళ్ళు మాత్రం చురుకైనవి. నన్ను చూడగానే వాద్యారు, అంటే పంతులు, వచ్చాడని గుర్తుపట్టింది.

"రా వాద్యారే, కూర్చో. పిల్లోడు పాసు కాడని చెప్పేదానికి వచ్చినావా, అవుతాడని చెప్పేదానికి వచ్చినావా?"

"పాసు కావాలంటే నీ మాట ఒకటి కావాల అవ్వా."

"నా మాట వాడి దగ్గర ఉండాది గదా."

గాజు సామాను కడిగేందుకు మా దగ్గర ఒక ద్రావకం ఉంటుందని చెప్పాను. అందులో ఊరబెడితే ఎంగిలి కాదు కదా, దాని ఆనవాలు కూడా మిగలదని, చెయ్యి పెడితే చెయ్యే కాలిపోతుందని, నాకు వచ్చిన కెమిస్ట్రీ అంతా ఒలకబోశాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"సరి. గొట్టం సుద్ధమయింది. నువ్వు చెప్పేది గొట్టం సంగతి వాద్యారే. నేను చెప్పేది మాట సంగతి" అన్నది.

తరువాత చేట పక్కన పెట్టి, గొంతు తగ్గించి చెప్పింది. "వీడి నాయన తిరునాళ్ళకు పోయినాడు. దారిలో దప్పికయిందని ఎవరో తాగిన టంబ్లరులో నీళ్ళు తాగినాడంట. మరుసటి దినమే పేది పట్టింది. పోయినాడు. అప్పుడు వీడు పాలు తాగే పిల్లోడు. ఎంగిలి అని నేను ఊరికే అంటానా?"

పేది అంటే కలరా. ఈమెను గెలవాలని వచ్చినందుకు చిన్నతనంగా అనిపించింది. మధ్యాహ్నం భోజనానికి ఉండిపొమ్మన్నది. ఆకు వేసి వడ్డించారు. తింటున్నా మనసు అన్నం మీద లేదు. ఉండబట్టలేక, కాస్త ఉక్రోషంగానే అడిగాను.

"అవ్వా, ఈ లోకంలో ఎంగిలి కానిది ఏదైనా ఉండాదా?"

"ఎందుకు లేదు? నీ ముందర ఉండేదే. ఆకు ఉండాదే! తింటాం, మడుస్తాం, పారేస్తాం. ఒకరిది ఇంకొకరి దగ్గరికి పోదు. ఎంగిలి దాంతోనే పోతుంది" అన్నది.

నిజం చెప్పాలంటే నాకు అందులో ఏమీ తోచలేదు. సాయంత్రం ఆ అబ్బాయి నన్ను రోడ్డు దాకా దిగబెట్టడానికి వచ్చాడు. ఇద్దరం పత్తిచేను గట్టు మీద నడుస్తున్నాం. గట్టు పొడుగునా ఆముదపు చెట్లు ఉన్నాయి. అతను పరధ్యానంగా ఒక ఆకు తుంచి, ఆకును పారేసి, కాడను నోట్లో పెట్టుకుని చిన్నపిల్లలు ఊదినట్టు ఊదుతూ వస్తున్నాడు. ఆముదపు కాడ లోపల డొల్లగా ఉంటుంది కదా. కొంతదూరం పోయాక వెనక అడుగుల చప్పుడు లేదు. తిరిగి చూస్తే అతను అక్కడే ఆగిపోయి, ఆ కాడలోంచి ఆకాశం వైపు చూస్తున్నాడు.

"సార్, ఇది ఆకే గదా?"

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక గట్టు మీదే చతికిలబడి నవ్వాను. పిపెట్ పై కొనకు కాడ తొడిగి, కాడను నోట్లో పెట్టుకుని పీల్చాలి. ద్రావకం గీత దాటగానే కాడ లాగేసి వేలితో మూయాలి. పని అయ్యాక కాడ పారేయాలి. గాజుకు నోరు తగలదు. రబ్బరు గొట్టం దొరకని ఆ యుద్ధం రోజుల్లో దేవుడు గట్టు పొడుగునా గొట్టాలు మొలిపించి పెట్టాడు, మేమే చూడలేదు.

ఇద్దరం వెనక్కి పరుగెత్తాం. అవ్వ ఆ కాడను అటూ ఇటూ తిప్పి చూసింది.

"పీల్చినాక ఏమి చేస్తావు?"

"పారేస్తాను అవ్వా."

"నీ వాయి పెట్టింది ఇంకొకరి నోటికి ఇయ్యవు గదా?"

"ఇయ్యను."

"సరి" అన్నది. అంతే. మళ్ళీ చేట అందుకుంది.

మరునాటి నుంచి గోడౌనులో అతని కొలతలు కుదిరిపోయాయి. ఎన్నిసార్లు చేసినా ఒకటే ఫలితం. అది చూసి మిగతా పిల్లలు కూడా తలా ఒక కాడ తెచ్చుకున్నారు. సత్రపట్టి నుంచి వచ్చే పిల్లవాడు ఏకంగా ఒక కట్ట తెచ్చి అందరికీ పంచాడు. ఎంగిలి పట్టింపు లేదని నా ముందు గొప్పలు చెప్పినవాళ్ళే అందరికన్నా ముందు చెయ్యి చాచారు.

సెలవులు అయ్యాక కాలేజీకి వెళ్ళి మా ప్రొఫెసరు గారికి సంగతి చెప్పాను. పరీక్ష హాలులోకి బయటి సామాను తేకూడదని నిబంధన. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, "నువ్వు నాకేమీ చెప్పలేదు, నేనేమీ వినలేదు. బయటి నుంచి వచ్చే ఎగ్జామినరు చూసుకుంటాడు" అన్నారు. ఆ సెప్టెంబరుకు మద్రాసు నుంచి వచ్చిన ఎగ్జామినరు పేరు వింటేనే పిల్లలకు జ్వరం వచ్చేది. ఆయన తప్పించిన పిల్లల కథలు ప్రతి కాలేజీలోనూ ఉండేవి.

పరీక్ష రోజు నేను హాలులో ఉండాలి, కానీ పెదవి విప్పకూడదు. డిమాన్‌స్ట్రేటరు కష్టాల్లో అది పెద్దది. మంసాపురం అబ్బాయి జేబులోంచి ఒక అరిటాకు పొట్లం తీసి, అందులోంచి ఎండిన ఆముదపు కాడ ఒకటి తీసి పిపెట్‌కు తొడిగాడు. హాలు అవతలి చివర ఉన్న ఎగ్జామినరు అది చూశాడు. నడిచి వచ్చాడు. ఆ అబ్బాయిని బయటికి పంపితే ఇంక డాక్టరు చదువూ లేదు, ఏ చదువూ లేదు.

మాటలు ఇంగ్లీషులోనే జరిగాయి. నాకు గుర్తున్నంతవరకు మన మాటల్లో చెబుతాను.

"ఏమిటిది?"

"ఆముదపు కాడ సార్."

"నీకు నోరు లేదా?"

"ఉంది సార్. కానీ ఎవరి ఎంగిలీ ముట్టనని ఇంట్లో మాట ఇచ్చాను."

ఎగ్జామినరు మా ప్రొఫెసరు గారి వైపు చూశాడు. ప్రొఫెసరు గారు కిటికీ వైపు చూశారు. మళ్ళీ అబ్బాయి వైపు తిరిగి, "మాట సంగతి నాకు అనవసరం. ఇది చెట్టు నుంచి వచ్చింది. ఇందులో రసం ఉంటుంది. ఆ రసం నీ ద్రావకంలో కలిస్తే? నీ ఫలితాన్ని నేనెందుకు నమ్మాలి?" అన్నాడు.

అంత ముఖ్యమైన ప్రశ్న గోడౌనులో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఫలితాలు కుదురుతున్నాయని మురిసిపోవడంతోనే సరిపోయింది.

అబ్బాయి మాత్రం తడుముకోలేదు. "నాకూ ఆ అనుమానం వచ్చింది సార్. పచ్చి కాడకు జిగురు ఉంటుంది. అందుకే నీడలో ఎండబెట్టి, డిస్టిల్డ్ వాటరుతో కడిగాను. కడిగిన ఆ నీళ్ళలో మిథైల్ ఆరెంజ్ వేసి చూశాను. మామూలు డిస్టిల్డ్ వాటరులో ఎంత రంగు వస్తుందో అంతే వచ్చింది. తరువాత అదే ద్రావకాన్ని నా స్నేహితుడు కాడ లేకుండా నోటితో పీల్చి చేశాడు, నేను కాడతో చేశాను. ఇద్దరికీ ఒకటే వచ్చింది."

ఎగ్జామినరు చెయ్యి చాచాడు.

"వాడనిది ఇంకొకటి ఉందా?"

అబ్బాయి అరిటాకు పొట్లం విప్పి ఒకటి ఇచ్చాడు. ఆ పెద్దమనిషి పక్కబల్ల మీద పిపెట్ తీసుకుని, దానికి కాడ తొడిగి, అందరూ చూస్తుండగా గీత దాటేదాకా నీళ్ళు పీల్చి, టక్కున కాడ లాగి వేలితో మూశాడు. నీళ్ళు గీత దగ్గర నిలిచాయి. ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. ఆయన కూడా ఎన్నేళ్ళుగా ఈ గాజు కొనను చూసి మనసులో ముడుచుకుంటున్నాడో ఎవరికి తెలుసు! కాడను కిటికీలోంచి బయటికి పారేసి, "నీ పని చేసుకో" అని ముందుకు వెళ్ళిపోయాడు. మెచ్చుకోలేదు. మెచ్చుకోవడం ఆయనకు అలవాటు లేదని తరువాత తెలిసింది. మా ప్రొఫెసరు గారు ఆ సాయంత్రం నన్ను పక్కకు పిలిచి, ఆ కాడలు ఎక్కడ దొరుకుతాయని అడిగారు.

పిల్లలూ, కెమిస్ట్రీలో నెగ్గడం అంటే ఏమిటని నన్ను అడిగితే నేను ఆ జవాబు గురించే చెబుతాను. అతని కొలత సరిగ్గా వచ్చింది, అది సగం. తన కొలతను తానే అనుమానించి పరీక్షించుకున్నాడు, ఆ రెండో సగం నేను నేర్పినది కాదు. నా దగ్గర చదువుకుని నన్ను దాటిపోయిన మొదటి విద్యార్థి అతను. ఆ రోజు నాకు అసూయ కలగలేదు, గర్వమే కలిగింది.

ఫలితాలు పేపరులో వచ్చాయి. దసరా సెలవులకు నేను ఊళ్ళోనే ఉన్నాను. పేపరు పట్టుకుని అతను మా ఇంటికి వచ్చి, నన్ను కూడా మంసాపురం తీసుకుపోయాడు. చిన్నాన్న పేపరులో నంబరు చూసి, మళ్ళీ చూసి, "మద్రాసుకు పెట్టె ఒకటి కొనాల" అన్నాడు. ఆయన దగ్గర అంతకన్నా పెద్ద మెప్పు లేదు.

అవ్వ లోపలికి పోయి ఆ ఇత్తడి చెంబు నిండా మజ్జిగ తెచ్చింది. మనుమడు అలవాటుగా తల పైకెత్తి, చెంబు ఎత్తబోయాడు.

"ఎత్తి తాగవద్దు. వాయి పెట్టి తాగు" అన్నది అవ్వ.

అతను తెల్లబోయాడు.

"తాగురా. నువ్వు డాక్టరుకు పోతుండావు గదా. అక్కడ వాంతి చేసుకొనేవాళ్ళు ఉంటారు, నోట నురగ వచ్చేవాళ్ళు ఉంటారు. ముట్టను, మాట ఇచ్చినాను అని నిలబడితే ఎట్ల?" అన్నది. మళ్ళీ చెప్పింది. "మీ నాయన ఎంగిలి నీళ్ళు తాగి పోయినాడని అందరితో చెప్తాను. ఇంకొకటి ఎవరితోనూ చెప్పలేదు. పేది పట్టినాక వాడి పక్కకు ఒక్కరూ రాలేదు. వాడు నీళ్ళు నీళ్ళు అంటే, అంటుకుంటుందని వాకిలి దగ్గరే చెంబు పెట్టి పోయినారు. ఒడిలో నువ్వు ఉండావు. నేను గూడా వాకిలి దాటలేదు."

అవ్వ మనుమడికి దగ్గరగా వచ్చింది.

"ముట్టేవాడు ఒకడు కావాల. నువ్వు ముట్టు. నా మాట నాకు వాపసు ఇచ్చెయ్యి" అని ఆమె చెయ్యి చాచింది. అతను ఆ చేతిలో చెయ్యి వేశాడు. తరువాత చెంబు అంచుకు పెదవి ఆనించి, సగం మజ్జిగ తాగాడు.

అవ్వ ఆ చెంబు తీసుకుంది. తోమడానికి లోపలికి తీసుకుపోతుందేమో అనుకున్నాను. అక్కడే నిలబడి, అతను పెదవి పెట్టిన చోటే తన పెదవి పెట్టి, మిగిలిన సగం తాగింది.